పార్టీ పోయాక పత్రికలు ఎవరి పాలయ్యాయి? జర్నలిజం శాఖల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యాపకులకు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు నమస్కారం.

తెలుగు రాష్ట్రాల్లో జర్నలిజం చదివే ప్రతి విద్యార్థీ పత్రికా వ్యవస్థల గురించి నాలుగు సిద్ధాంతాలు నేర్చుకుంటాడు. అధికారవాద సిద్ధాంతం, స్వేచ్ఛావాద సిద్ధాంతం, సామాజిక బాధ్యత సిద్ధాంతం, సోవియట్ కమ్యూనిస్టు సిద్ధాంతం. 1956లో ముగ్గురు అమెరికన్ ప్రొఫెసర్లు చేసిన విభజన ఇది. నెట్, సెట్ పరీక్షలకు చదివేవాళ్లు దీన్ని కంఠతా పడతారు. నేనొక తెలుగు దినపత్రికలో విదేశీ వార్తల డెస్కు మీద పనిచేస్తాను. ట్రైనీల ఇంటర్వ్యూల్లో కూర్చున్నప్పుడల్లా ఒకటి గమనిస్తున్నాను. సోవియట్ సిద్ధాంతం గురించి అడిగితే గడగడా అప్పజెబుతారు. "1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది కదా, ఆ తర్వాత ఆ పత్రికలు ఏమయ్యాయి?" అంటే మాత్రం, "స్వేచ్ఛ వచ్చింది సార్" అని ఊరుకుంటారు. పిల్లల్ని తప్పుపట్టలేం. వాళ్లకు చెప్పిన పాఠమే అక్కడ ఆగిపోయింది.

ఆ తర్వాత ముప్పై అయిదేళ్లలో ఏం జరిగిందో కూడా సిలబస్‌లో పెట్టమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. పోలండ్, హంగరీ, చెక్, రష్యా, తూర్పు జర్మనీల్లో కమ్యూనిస్టు పార్టీ పాలన పోయాక పత్రికలకు, టీవీలకు జరిగింది వివరంగా చదివితే, పత్రికా స్వేచ్ఛ ఎక్కడ ఉంటుందో, ఎక్కడ జారిపోతుందో విద్యార్థికి తెలిసినంతగా ఇంకే పాఠంతోనూ తెలియదని నా గట్టి నమ్మకం.

ముందు, పార్టీ కాలంలో నియంత్రణ ఎంత లోతుగా ఉండేదో ఒక్క ఉదాహరణ చెబుతాను. రుమేనియాలో కమ్యూనిస్టు నాయకుడు చౌషెస్కూ ప్రభుత్వం 1983లో ఒక డిక్రీ తెచ్చింది. టైప్‌రైటర్ ఉన్న ప్రతివాళ్లూ పోలీసుల దగ్గర అనుమతి తీసుకోవాలి. ఏటా దాని అక్షరాల నమూనా టైప్ చేసి స్టేషన్‌లో ఇవ్వాలి. ఎక్కడైనా ఒక కరపత్రం దొరికితే అది ఎవరి మిషన్ మీద కొట్టిందో పట్టుకోవడానికి. దేశ టీవీ కూడా 1980ల రెండో సగంలో మామూలు రోజుల్లో రెండు గంటలే వచ్చేది, అందులోనూ ఎక్కువ భాగం నాయకుడి భజనే. ఇలాంటి చోట సెన్సార్ పోవడమంటే జనానికి ఊపిరి అందినట్టే. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయడం లేదు. నా బాధల్లా, మన పాఠం ఆ ఆనందం దగ్గరే ముగుస్తోందని.

పోలండ్ సంగతి చూడండి. 1980 ఆగస్టులో గ్దాన్‌స్క్ ఓడల కార్ఖానాలో సమ్మెకు దిగిన కార్మికులు 21 డిమాండ్లు రాసిపెట్టారు. జీతాలు, మాంసం రేషన్ వంటివన్నీ అందులో ఉన్నాయి. కానీ మూడో డిమాండ్ వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ. కూలి పెంపు కంటే పైన పత్రికా స్వేచ్ఛను రాసుకున్న కార్మికులు వాళ్లు. తర్వాత సైనిక పాలన వచ్చింది, ఆ సమ్మెలోంచి పుట్టిన సాలిడారిటీ కార్మిక సంఘాన్ని నిషేధించారు, పత్రికలు నేలమాళిగల్లోకి వెళ్లాయి. 1989లో ప్రభుత్వానికీ సాలిడారిటీకీ మధ్య రౌండ్ టేబుల్ చర్చలు జరిగి ఎన్నికలు ఖాయమయ్యాక, ఆ ఎన్నికల కోసమని ఒక దినపత్రికకు అనుమతి దొరికింది. అదే గజెతా విబోర్చా. ఆదామ్ మిఖ్నిక్ సంపాదకుడు. 1989 మే 8న మొదటి సంచిక వచ్చింది: ఎనిమిది పేజీలు, లక్షా యాభై వేల కాపీలు. రహస్యంగా వారపత్రిక నడిపి చెయ్యి తిరిగినవాళ్లే డెస్కు మీద కూర్చున్నారు. సెన్సార్ ఆఫీసు అప్పటికింకా తెరిచే ఉంది. 1990 ఏప్రిల్‌లో గాని చట్టం దాన్ని మూయలేదు. అంటే తూర్పు కూటమిలో మొదటి స్వతంత్ర దినపత్రిక దాదాపు ఏడాది పాటు సెన్సార్ కింద ఉంటూనే నడిచింది.

విద్యార్థులకు ఇంతవరకూ ఎవరైనా చెబుతారు, ఇది వినడానికి బాగుంటుంది కాబట్టి. చెప్పకుండా వదిలేసేది దాని పక్కన నడిచిన ఇంకో కథ. పార్టీకి అప్పట్లో ఒక మహా సంస్థ ఉండేది, దాని పేరు పొట్టిగా ఆర్‌ఎస్‌డబ్ల్యూ. దేశంలోని పత్రికల్లో అత్యధికభాగం, ప్రెస్సులు, వీధివీధినా ఉండే పేపర్ కియోస్కులు దాని చేతిలోనే. 1990 మార్చిలో పార్లమెంటు ఒక చట్టం చేసి దాన్ని రద్దుచేసింది. పత్రికల్లో కొన్నిటిని ఉద్యోగుల సహకార సంఘాలకు ఇచ్చారు, కొన్నిటిని అమ్మేశారు. గ్దాన్‌స్క్‌లోనే 1945 నుంచి వస్తున్న జెన్నిక్ బావ్టిట్స్కి అనే దినపత్రికను తీసుకోండి. పార్టీ సంస్థ చేతి నుంచి ఫ్రెంచి ఎర్సాన్ గ్రూపుకు వెళ్లింది. అక్కడి నుంచి జర్మనీలోని పాసావు పట్టణపు పబ్లిషింగ్ కంపెనీకి వెళ్లింది. ఆ కంపెనీ పోలండ్‌లోని తన పత్రికలన్నిటినీ ఎవరికి అమ్మింది? ఓర్లెన్‌కు. ఓర్లెన్ అంటే ప్రభుత్వం పెత్తనం ఉన్న చమురు కంపెనీ, పెట్రోల్ బంకులు నడిపే సంస్థ. 2020 డిసెంబరులో ఒప్పందం ప్రకటించారు, 2021లో ఇరవై ప్రాంతీయ దినపత్రికలు దాని చేతికొచ్చాయి. కొన్నాళ్లకే పలు పత్రికల సంపాదకులు మారిపోయారు. ఏ ఊళ్లో కార్మికులు పత్రికా స్వేచ్ఛ కోసం సమ్మె చేశారో ఆ ఊరి పేపర్ మళ్లీ సర్కారు గూటికే చేరింది. ఎవరూ సెన్సార్ చట్టం తేలేదు, ఎవరినీ అరెస్టు చేయలేదు. అంతా కంపెనీ చట్టం ప్రకారమే, రిజిస్ట్రార్ ఆఫీసులోనే అయిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పార్టీ పోతే సెన్సార్ పోతుంది, నిజమే. కానీ పత్రిక జుట్టు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న పోదు. లైసెన్సు ఎవరిస్తారు, యాడ్స్ ఎవరిస్తారు, ప్రెస్సు ఎవరిది, జిల్లా కేంద్రం నుంచి పల్లెకు కట్టలు ఎవరి వ్యాన్‌లో వెళ్తాయి? పాత పాలకులు ఈ పగ్గాలు పట్టుకునే పత్రికల్ని నడిపారు. కొత్త పాలకులు కూడా కొన్నాళ్లు తడుముకుని మళ్లీ ఆ పగ్గాల దగ్గరికే వచ్చారు.

దీన్ని పూర్తిగా చూడాలంటే హంగరీని చదవాలి. 1990 వసంతంలో, మొదటి స్వేచ్ఛాయుత ఎన్నికల సమయంలోనే, అక్కడి జిల్లా పార్టీ పత్రికల్లో ఏడింటిని జర్మనీకి చెందిన ఆక్సెల్ స్ప్రింగర్ కంపెనీ దాదాపు ఉచితంగా దక్కించుకుంది. సంపాదకులు, సిబ్బంది పాత సంస్థను వదిలేసి కొత్త కంపెనీలోకి మారిపోయారు. చదువరులు, ఏజెంట్లు, ప్రకటనలు వాళ్లతోపాటే వచ్చేశాయి. తూర్పు జర్మనీలోనూ పెద్ద తేడా లేదు. 1991లో జిల్లా పార్టీ పత్రికల్ని ముక్కలు చేయకుండా ఒక్కో జిల్లా మొత్తాన్ని ఒక్కో పశ్చిమ జర్మనీ కంపెనీకి అమ్మారు. 1990లో ఉత్సాహంగా పుట్టిన చిన్న పత్రికలు ఆ పోటీకి నిలవలేక చాలావరకు మూతపడ్డాయి. పార్టీ గీసిన సరిహద్దులే మార్కెట్‌కూ సరిహద్దులయ్యాయి. ఒక జిల్లాకు ఒకే పేపర్ అన్న గుత్తాధిపత్యం చెక్కుచెదరలేదు, యజమాని ఒక్కడే మారాడు. మొదటి యజమాని మంచివాడైతే అదృష్టం. రెండోవాడికో మూడోవాడికో అమ్మినప్పుడు, ఒకే సంతకంతో జిల్లా మొత్తం చేతులు మారుతుంది.

హంగరీలో జరిగింది అదే. ముందు రేడియో, టీవీల మీద గొడవ మొదలైంది. ప్రధాని యోజెఫ్ అంటాల్ టీవీ, రేడియో అధిపతుల్ని తీసేయాలంటే, అధ్యక్షుడు ఆర్పాద్ గొంట్స్ సంతకం పెట్టనన్నాడు. దీన్ని అక్కడివాళ్లు మీడియా యుద్ధమనే పిలిచారు. 1994 ఎన్నికల ముందు ప్రభుత్వ రేడియో నుంచి 129 మందిని ఒక్కసారే తీసేశారు. తర్వాత ప్రధాని అయి మీడియాను గుప్పిట పెట్టుకున్నాడని పేరుపడ్డ విక్టర్ ఓర్బాన్ అప్పటికింకా ప్రతిపక్షంలో ఉన్న యువ నాయకుడు. రేడియో, టీవీల్ని చేతిలో పెట్టుకోవాలన్న కోరికను ఆయన కనిపెట్టలేదు, కమ్యూనిస్టుల్ని ఓడించి వచ్చిన మొదటి ప్రభుత్వంలోనే అది ఉంది. ఈ ముక్క క్లాసులో తప్పకుండా చెప్పాలి. లేకపోతే మొత్తం నేరం ఒక్క మనిషి మీద వేసేసి పాఠం మూసేస్తాం.

ఇక నేప్‌సబడ్‌శాగ్ పత్రిక. 1956 తిరుగుబాటు రోజుల్లో పుట్టి, మూడు దశాబ్దాలు పార్టీ అధికార పత్రికగా వెలిగింది. 1989 తర్వాత చచ్చిపోతుందనుకున్నారు. చావలేదు. వార్తలు సరిగా రాయడం నేర్చుకుంది, దేశంలో అందరూ లెక్కపెట్టే దినపత్రికగా నిలబడింది. పార్టీ పత్రిక మంచి పత్రిక కాగలదని నిరూపించిన అరుదైన ఉదాహరణ అది. జర్మన్ కంపెనీ, స్విస్ కంపెనీ, చివరికి మీడియావర్క్స్ అనే సంస్థ, ఇలా చేతులు మారుతూ వచ్చింది. లక్షల్లో ఉన్న సర్క్యులేషన్ 2016 నాటికి 40 వేల లోపుకు పడిపోయింది. అయినా వార్తలు ఆగలేదు. ఓర్బాన్ మంత్రి ఒకరు ఒక పెళ్లికి హెలికాప్టర్‌లో వెళ్లిన సంగతిని బయటపెట్టింది ఆ పత్రికే.

2016 అక్టోబరు 8, శనివారం. సిబ్బంది అప్పటికే ఆఫీసు మారే హడావిడిలో ఉన్నారు, సామాన్లు అట్టపెట్టెల్లో సర్దేసి ఉన్నాయి. పొద్దున్నే ఇళ్లకు కొరియర్‌లో ఉత్తరాలొచ్చాయి: ప్రచురణ ఆపేశాం, మీరు ఆఫీసుకు రానక్కర్లేదు అని. ఈమెయిల్ ఖాతాలు తెరుచుకోలేదు. వెబ్‌సైట్ ఆగిపోయింది, పాత వార్తలు కూడా కనిపించకుండా పోయాయి. నష్టాలు వస్తున్నాయి కాబట్టి ఆపేశామని కంపెనీ అంది. నష్టాలు నిజమే కావచ్చు. కానీ ఆ నెల 25న మీడియావర్క్స్ కంపెనీని, దాని చేతిలోని జిల్లా పత్రికలతో సహా, లోరింట్స్ మేసారోష్‌తో సంబంధమున్న సంస్థ కొనేసింది. మేసారోష్ ఒకప్పుడు గ్యాస్ పైపులు బిగించే మనిషి, ప్రధాని సొంతూరు ఫెల్చూట్‌కు ఆనాటి మేయర్, ఆయనకు దోస్తు. కొన్నేళ్లలోనే దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు.

రెండేళ్ల తర్వాత, 2018 నవంబరు 28న, ఇలాంటి యజమానులంతా తమ పత్రికలు, టీవీలు, రేడియోలు, వెబ్‌సైట్లు కెస్మా అనే ఒక ఫౌండేషన్‌కు ఉచితంగా రాసిచ్చేశారు. 400కు పైగా సంస్థలు! కోట్లు పెట్టి కొన్న ఆస్తిని ఏ వ్యాపారీ ఊరికే ఇచ్చెయ్యడు. పోటీ చట్టం కింద విచారణ జరగాల్సిన వ్యవహారాన్ని ప్రభుత్వం 'జాతీయ వ్యూహాత్మక ప్రాధాన్యం ఉన్నది' అని ప్రకటించి విచారణే లేకుండా చేసింది. 1990లో జర్మన్ కంపెనీ చేతికి వెళ్లిన ఆ జిల్లా పత్రికల్ని ఇప్పుడు ఆ గంపలో వెతుక్కోవాలి. ఇందులో ఎక్కడైనా ఒక సెన్సార్ అధికారి కనిపించాడా?

రష్యా గురించి క్లుప్తంగానే రాస్తాను, దాని కథ కొంతైనా మన పత్రికల్లో వచ్చింది. గోర్బచేవ్ కాలంలో, 1990లో, ఆర్గుమెంతీ ఇ ఫక్తీ అనే వారపత్రిక మూడు కోట్ల ముప్పై లక్షల కాపీలు అమ్ముడుపోయింది. అదే ఏడాది పత్రికా చట్టం వచ్చి సెన్సార్ రద్దయింది. 1992 జనవరిలో ధరలమీద నియంత్రణ ఎత్తేయగానే న్యూస్‌ప్రింట్, తపాలా ఖర్చులు ఆకాశానికంటాయి. సెన్సార్ తెగిన పత్రికలు అప్పుల్లో పడ్డాయి. ఆదుకుంటామంటూ బ్యాంకర్లు వచ్చారు. వాళ్లలో ఒకడైన గుసిన్‌స్కీ 1993లో పెట్టిన ఎన్‌టీవీ అనే చానెల్ చెచెన్యా యుద్ధాన్ని నిజాయితీగా చూపించింది. అదే ఎన్‌టీవీ అధిపతి మలషెంకో 1996 ఎన్నికల్లో అధ్యక్షుడు యెల్త్సిన్ ప్రచార బృందంలో చేరాడు, టీవీ పదవి వదలకుండానే. కమ్యూనిస్టులు తిరిగొస్తే స్వేచ్ఛ పోతుందన్న భయం నిజమైనదే అనుకుందాం. కానీ పత్రికా స్వేచ్ఛను కాపాడే పేరుతో వార్తను పాలకుడి చేతిలో పెట్టిన రోజు అది. ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ దగ్గర తెచ్చుకున్న అప్పులే చివరికి ఉరితాడయ్యాయి. 2001 ఏప్రిల్ 14 తెల్లవారుజామున ఆ కంపెనీ మనుషులు స్టూడియోలోకి నడిచొచ్చి ఎన్‌టీవీని స్వాధీనం చేసుకున్నారు. అదీ అప్పు వసూలు పేరుతోనే. ఆ తర్వాతి సంగతులు తెలిసినవే. 2006లో నోవయా గజెతా పత్రిక విలేకరి అన్నా పొలిత్‌కోవ్‌స్కయా హత్య. 2022 మార్చిలో సైన్యం మీద 'తప్పుడు సమాచారం' రాస్తే 15 ఏళ్ల దాకా జైలు అన్న చట్టం. అదే నెలలో ఎకో ఆఫ్ మాస్కో రేడియో మూత, నోవయా గజెతా ప్రచురణ నిలిపివేత.

ఇదంతా చదివి విద్యార్థి నిరాశలో కూరుకుపోతాడేమోనని మీరు అడగవచ్చు. అలా కాకుండా చూడటానికి కూడా కావలసినంత సామగ్రి ఉంది. 2000 డిసెంబరులో చెక్ ప్రభుత్వ టీవీకి ఒక పార్టీకి అనుకూలుడని పేరున్న డైరెక్టర్‌ను వేస్తే, ఉద్యోగులు క్రిస్మస్ పండక్కి కూడా ఇళ్లకు పోకుండా న్యూస్‌రూమ్‌లోనే మకాం పెట్టారు. జనవరి చలిలో ప్రాగ్ వెంసెస్లాస్ స్క్వేర్‌కు లక్షకు దగ్గరగా జనం వచ్చారు. 1989లో పార్టీని దింపడానికి నిలబడిన చోటే, ఈసారి ఒక టీవీ సంస్థ కోసం నిలబడ్డారు. జనవరి రెండో వారంలో ఆ డైరెక్టర్ రాజీనామా చేశాడు. హంగరీలో 2020 జులైలో ఇండెక్స్ అనే న్యూస్ సైట్ ప్రధాన సంపాదకుణ్ణి తీసేస్తే 70 మందికి పైగా ఉద్యోగాలు వదిలేశారు. చదువరులు పంపిన చందాలతో టెలెక్స్ అనే కొత్త సైట్ పెట్టుకున్నారు. ఎస్టోనియా సోవియట్ యూనియన్‌లో భాగమైన దేశం, ఈనాడు ప్రపంచ పత్రికా స్వేచ్ఛ సూచీలో పైవరుసలో ఉంటోంది.

చర్చకు కష్టమైన ఉదాహరణలు కూడా ఉన్నాయి. 2023 డిసెంబరులో పోలండ్‌లో టుస్క్ ప్రభుత్వం వచ్చీ రాగానే, పాత ప్రభుత్వపు బాకాగా మారిన ప్రభుత్వ టీవీ సంస్థ టీవీపీ పాలకవర్గాన్ని తీసేసింది, వార్తా చానెల్ ప్రసారాన్ని ఆపేసింది, ఆ తర్వాత సంస్థనే లిక్విడేషన్‌లో పెట్టింది. ప్రచార యంత్రాన్ని ఆపడం అవసరమే. కానీ ఎన్నికైన ప్రభుత్వం రాత్రికి రాత్రి టీవీ బోర్డును మార్చే దారి ఒకసారి పడితే, తర్వాతి ప్రభుత్వం ఆ దారిన నడవదా? నా అభిప్రాయం నడుస్తుందనే. మీ క్లాసులో సగంమంది కాదంటారు. కాదననివ్వండి, అలాంటి వాదన జరగడమే నాకు కావాలి.

మనకు ఈ విషయంతో సొంత బంధుత్వం కూడా ఉంది. 'సోవియట్ భూమి' పత్రిక అట్టలు వేసుకున్న నోటు పుస్తకాలతో బడికెళ్లిన తరం ఇంకా మన మధ్యే ఉంది. రారా, ఉప్పల లక్ష్మణరావు వంటివాళ్లు మాస్కోలో కూర్చుని చేసిన అనువాదాలు విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికేవి, ఊరూరి గ్రంథాలయాల్లో ఉండేవి. ఆ పుస్తకాలంటే నాకూ ప్రాణమే. కానీ ఆ కాగితం, ఆ అచ్చు, ఆ చవక ధర వెనకున్న వ్యవస్థ కూలాక అక్కడి చదువరులకు ఏం మిగిలిందో మనం పట్టించుకోలేదు. ప్రేమించినవాళ్లు బాధతో మొహం తిప్పుకున్నారు, ద్వేషించినవాళ్లు పీడ వదిలిందన్నారు. అందుకే తెలుగులో ఈ ముప్పై అయిదేళ్ల చరిత్ర మీద విద్యార్థి చేతిలో పెట్టదగ్గ పుస్తకం నాకు కనబడలేదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. నాలుగు సిద్ధాంతాల యూనిట్‌ను తీసెయ్యమనడం లేదు, దాన్ని చరిత్రగా చెప్పి, దాని పక్కనే 1989 తర్వాతి మీడియాకు ఒక యూనిట్ పెట్టండి. పేర్లు, తేదీల బట్టీకి మార్కులు వద్దు. ఒక్కో విద్యార్థికి ఒక్కో పత్రిక ఇవ్వండి: నేప్‌సబడ్‌శాగ్, గజెతా విబోర్చా, చెక్‌లో రహస్య పత్రికగా బతికి, తర్వాత 2013లో కోటీశ్వరుడు బబిష్ చేతిలో పడ్డ లిదోవె నోవినీ, నోవయా గజెతా. 1989 నుంచి దాని యజమానులెవరు, ఏ ఏడాది ఎంతకు అమ్ముడుపోయింది, ప్రభుత్వ ప్రకటనలు ఎన్ని వచ్చాయి, సంపాదకులు ఎప్పుడెప్పుడు మారారు, అప్పుడు మొదటి పేజీలో ఏం మారింది అన్నది ఒక సెమిస్టర్ పాటు వెతికి రాయమనండి. పోలండ్ పండితుడు కరోల్ యాకుబోవిచ్, స్లొవేనియా ప్రొఫెసర్ స్లావ్కో స్ప్లిఖల్ ఈ మార్పు జరుగుతుండగానే దాని మీద రాశారు. వాళ్ల వ్యాసాల్లోంచి కొన్నిటిని అనుమతి తీసుకుని తెలుగు చేయించి రీడర్‌గా, అంటే వ్యాస సంకలనంగా, వేయండి. జిల్లాల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చే పిల్లలే రేపు మన డెస్కుల్లోకి, రిపోర్టింగ్‌లోకి వస్తారు. ఇంగ్లిష్ పుస్తకం చూసి వాళ్లు టెన్షన్ పడి వదిలేయకూడదు.

ఇక్కడి పత్రికలతో, చానెళ్లతో పోల్చి చెప్పాలా అని అడిగితే, మీరు చెప్పక్కర్లేదంటాను. జెన్నిక్ బావ్టిట్స్కి ఎన్ని చేతులు మారిందో తేదీలతో సహా రాసిన విద్యార్థి, తను చదివే పేపర్ యజమాని ఎవరో, ఆయన ఇతర వ్యాపారాలేమిటో తనంతట తానే వెతుక్కుంటాడు.

సిలబస్ సవరణ సమావేశం వచ్చినప్పుడు ఈ యూనిట్‌ను ఎజెండాలో చేర్చండి. ముసాయిదా రాయడానికి, అనువాదాలు సరిచూడటానికి పైసా తీసుకోకుండా పనిచేస్తాను. నాలాంటి డెస్కు మిత్రులు మరికొందరు కూడా సిద్ధంగా ఉన్నారు. ఏ పత్రిక కథతో మొదలుపెట్టాలో మీరు తేల్చండి. నన్నడిగితే హంగరీ నుంచి అంటాను.

ఇట్లు,
తెలుగు దినపత్రిక డెస్కు నుంచి ఒక సబ్ ఎడిటర్